గ్యాస్ వేసినా సక్షన్ లేవలేదు, హెడ్ మాత్రం పెరిగింది: ఎందుకు?

ప్రశ్న: మాది ఉండి దగ్గర పల్లెటూరండి. ఐటీఐ చేసి ఏసీలు, ఫ్రిజ్‌లు, చిన్న కోల్డ్ రూమ్‌లు చూసుకుంటున్నాను. ఒక రొయ్యల వ్యాపారి దగ్గర ఆర్-22 కోల్డ్ రూమ్ ఉంది. 3 హెచ్‌పీ యూనిట్, రిసీవర్ (లిక్విడ్ నిలవ ఉండే ట్యాంకు), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కాయిల్‌లోకి లిక్విడ్‌ను కొలిచి వదిలేది) ఉన్నాయి. 2 డిగ్రీలకు సెట్ చేస్తే 9 దగ్గరే ఆగిపోతోంది. గేజ్ పెడితే సక్షన్ (కంప్రెసర్‌లోకి వచ్చే వైపు ప్రెషర్) 36, హెడ్ (కంప్రెసర్ నుంచి బయటికి వెళ్లే వైపు ప్రెషర్) 205 పీఎస్‌ఐ. సైట్ గ్లాస్‌లో (లిక్విడ్ పైపు మీద లోపల చూసే అద్దం) బుడగలు. గ్యాస్ తక్కువనుకుని కిలో వేశాను. సక్షన్ 38 దాటలేదు, హెడ్ 262కి పోయింది, బుడగలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు కంప్రెసర్ వేడెక్కి ట్రిప్పవుతోంది. కాయిల్ చివర వాల్వ్ బల్బ్ (పైపు వేడిని పసిగట్టి వాల్వ్‌ని నడిపేది) దగ్గర పైపు 5 డిగ్రీలు, రిసీవర్ నుంచి వచ్చే పైపు 36, బయట గాలి 33. సీనియర్ ఒకాయన సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ చూడమన్నారు. లెక్క ఎలా వేయాలో, వేశాక దాన్నిబట్టి ఏం తెలుసుకోవాలో అర్థం కాలేదు. ఇంకో అరకిలో వేయమంటారా?

సమాధానం: వేయొద్దండి. మీ సిస్టమ్‌లో గ్యాస్ తక్కువ లేదు, ఎక్కువే ఉంది. అది రూమ్‌లోని కూలింగ్ కాయిల్‌కు చేరడం లేదు. రిసీవర్‌కూ ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కూ మధ్య ఎక్కడో దారి మూసుకుపోయింది. మీరు రాసిన అంకెలు చూస్తే ఎక్కువ అనుమానం డ్రయ్యర్ (లిక్విడ్ లైన్‌లో తేమను, చెత్తను పట్టే ఫిల్టర్) మీదే. యూనిట్‌ను ఆ 262 మీద నడపకుండా ఆపేసి, రూమ్‌లో సరుకు ఉంటే ముందు ఐస్‌లోకి మార్పించండి. రొయ్య ఎంతుంటే ఐస్ కూడా అంత, పొరలు పొరలుగా. రిపేరు ఒక పూట పట్టినా సరుకు నిలబడుతుంది, మీరూ కంగారు లేకుండా పని చేసుకోవచ్చు.

ఇక ఆ రెండు కొలతల సంగతి. మీరు ఆ నాలుగు అంకెలూ తీసుకుని రాశారు కాబట్టి వాటితోనే చెప్పుకుందాం.

ఆర్-22 లాంటి కలగలుపు కాని గ్యాస్‌కి ఒక ప్రెషర్ దగ్గర మరిగే టెంపరేచర్ ఒక్కటే ఉంటుంది. అదే పీటీ (ప్రెషర్-టెంపరేచర్) చార్ట్‌లో ఉండేది. ఆర్-22కి గేజ్ మీద 37 పీఎస్‌ఐ అంటే మైనస్ 10 డిగ్రీలు. 46 అంటే మైనస్ 5, 57 కాస్త దాటితే సున్నా, 70 అంటే 5. హెడ్ వైపు 182 అంటే 35, 208 అంటే 40, 236 అంటే 45, 267 అంటే 50. ఈ ఎనిమిది అంకెలూ నోటికి వస్తే ఆర్-22 పనిలో చార్ట్ తీయాల్సిన అవసరం పెద్దగా రాదు.

కాయిల్‌లోకి వచ్చిన లిక్విడ్ మరుగుతున్నంతసేపూ దాని టెంపరేచర్ అక్కడే నిలబడుతుంది. మైనస్ 10 దగ్గర మరుగుతుంటే చివరి బొట్టు ఆవిరయ్యేదాకా మైనస్ 10 దగ్గరే ఉంటుంది. బొట్టు కూడా మిగలకుండా అంతా ఆవిరయ్యాకే వేడెక్కడం మొదలవుతుంది. అలా మరిగే టెంపరేచర్‌కి పైన ఎన్ని డిగ్రీలు ఎక్కిందో అదే సూపర్‌హీట్. లిక్విడ్ కాయిల్‌లో ఎంత దూరం వెళ్లి అయిపోయిందో ఈ అంకె చెబుతుంది. సూపర్‌హీట్ 5 ఉంటే కాయిల్ దాదాపు చివరిదాకా పని చేస్తోందని అర్థం. 15 ఉంటే లిక్విడ్ మధ్యలోనే అయిపోయింది, మిగతా కాయిల్ ఉత్త ఆవిరితో నిండి దండగగా ఉంది. సున్నా ఉంటే లిక్విడ్ కాయిల్ దాటి కంప్రెసర్ వైపు వచ్చేస్తోంది. అది వాల్వ్ ప్లేట్లు విరగ్గొట్టే పరిస్థితి.

వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లో ఇదే తిరగబడి జరుగుతుంది. ఆవిరి అంతా లిక్విడ్‌గా మారాక కూడా కండెన్సర్ దాన్ని ఇంకొంచెం చల్లబరుస్తుంది. కండెన్సింగ్ టెంపరేచర్‌కి (హెడ్ ప్రెషర్‌కి చార్ట్‌లో ఉండే టెంపరేచర్) కింద ఎన్ని డిగ్రీలు దిగిందో అదే సబ్‌కూలింగ్. కండెన్సర్ అడుగున, రిసీవర్‌లో లిక్విడ్ ఏ మేరకు నిలబడి ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ లెక్క చూద్దాం. సక్షన్ 38 పీఎస్‌ఐ, అంటే సుమారు మైనస్ 9.5. బల్బ్ దగ్గర పైపు 5. తేడా 14.5 డిగ్రీలు, అది సూపర్‌హీట్. ఇలాంటి రూమ్‌కి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ 4 నుంచి 6 మధ్య పట్టి ఉంచాలి. హెడ్ 262, అంటే సుమారు 49. లిక్విడ్ లైన్ 36. తేడా 13, అది సబ్‌కూలింగ్. మామూలుగా 4 నుంచి 8 ఉంటే చాలు. రెండూ ఎక్కువే.

గ్యాస్ నిజంగా తక్కువైతే సూపర్‌హీట్ పెరుగుతుంది, సబ్‌కూలింగ్ మాత్రం పడిపోతుంది. కండెన్సర్‌లో నిలబడడానికి లిక్విడే లేనప్పుడు 13 డిగ్రీలు ఎక్కడినుంచి వస్తుంది? పైన నిండుగా, కింద ఎండుగా ఉందంటే మధ్యలో అడ్డం ఉన్నట్టే. కాలువ మీద లాకు తలుపు సగం దించేస్తే పైన నీరు గట్టు అంచుకు వస్తుంది, కింద చేలు నెర్రెలిస్తాయి. అప్పుడు బ్యారేజీ నుంచి ఇంకా నీరు వదిలితే పైన గండి పడుతుంది తప్ప కింద తడవదు. మీరు వేసిన కిలో గ్యాస్ కూడా అలాగే పైనే ఆగిపోయింది.

మరి మొదటి రోజు హెడ్ 205 దగ్గరే ఎందుకుంది, అడ్డం ఉంటే అప్పుడే పెరగాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. మీ యూనిట్‌కి రిసీవర్ ఉంది. అడ్డం వల్ల ముందుకు వెళ్లలేని లిక్విడ్ కండెన్సర్‌లో నిలబడదు, రిసీవర్‌లోకి దిగి అక్కడ చేరుతుంది. రిసీవర్‌లో చోటు ఉన్నంతవరకు కండెన్సర్ ఖాళీగానే ఉంటుంది కాబట్టి హెడ్ పెరగదు, సబ్‌కూలింగ్ కూడా మామూలుగానే కనిపిస్తుంది. పైగా కాయిల్ నుంచి వచ్చే వేడి తగ్గిపోయింది కాబట్టి హెడ్ కొంచెం పడుతుంది కూడా. 205 అంటే 39.5 డిగ్రీలు. బయట గాలి 33 ఉంటే తేడా ఆరున్నరే. లోడ్ బాగా ఉన్న గాలి కండెన్సర్‌కి ఈ తేడా 10 నుంచి 15 ఉండాలి. కండెన్సర్‌కి సరిపడా పని అందడం లేదని ఆ ఆరున్నరే చెప్పింది. అప్పుడు మీరు కిలో వేశారు. రిసీవర్ నిండిపోయి లిక్విడ్ కండెన్సర్ అడుగు గొట్టాల్లోకి ఎక్కింది. ఆవిరి చల్లబడడానికి చోటు తగ్గిపోయి హెడ్ 262కి ఎగిరింది. సబ్‌కూలింగ్ 13 అయింది అందుకే.

కాబట్టి రిసీవర్ ఉన్న యూనిట్‌లో సబ్‌కూలింగ్ మామూలుగా ఉందని అడ్డం లేదనుకోవద్దు. అక్కడ పైపు వెంట టెంపరేచర్ పట్టుకుంటూ వెళ్లాల్సిందే. రిసీవర్ లేని స్ప్లిట్ ఏసీలో అయితే అడ్డం పడిన మొదట్లోనే సబ్‌కూలింగ్ పెరిగి పట్టుబడుతుంది.

సైట్ గ్లాస్‌లో బుడగలు కూడా మిమ్మల్ని మోసం చేశాయి. బుడగ కనిపిస్తే గ్యాస్ తక్కువ అని అందరూ నేర్పేస్తారు. సైట్ గ్లాస్ డ్రయ్యర్ తర్వాత ఉంటుంది. 36 డిగ్రీల లిక్విడ్ మరగాలంటే ప్రెషర్ సుమారు 187కి పడాలి. రిసీవర్ దగ్గర దాదాపు 262 ఉండగా గ్లాస్‌లో బుడగలు వస్తున్నాయంటే ఆ మధ్యలో 70 పీఎస్‌ఐకి పైగా పోయినట్టు. అంత ప్రెషర్ మామూలు పైపులో పోదు. మీ ఉత్తరంలో గట్టి ఆధారం ఇదే. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జాలీ మూసుకుపోయి ఉంటే అడ్డం గ్లాస్‌కు అవతల పడేది, గ్లాస్ నిండుగా తేటగా ఉండేది. రిసీవర్ నుంచి గ్లాస్‌కి లైన్ చాలా ఎత్తుకు ఎక్కుతుంటే కొంత ప్రెషర్ పోతుంది కానీ ఇంత పోదు.

కంప్రెసర్ ఎందుకు ట్రిప్పవుతోందో కూడా ఇందులోనే ఉంది. ఇలాంటి యూనిట్లలో మోటారు చల్లబడేది తిరిగి వచ్చే సక్షన్ గ్యాస్‌తోనే. ఆ గ్యాస్ తక్కువగా, వేడిగా వస్తోంది. పైగా 262కి వ్యతిరేకంగా తొక్కాలి. కంప్రెసర్ నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో డిశ్చార్జ్ పైపు టెంపరేచర్ పట్టి చూడండి. అది 105 దాటిందంటే లోపల ఆయిల్ మాడిపోయే దశకు దగ్గరగా ఉన్నట్టు. అందుకే ట్రిప్ అయిన ప్రతిసారీ రీసెట్ కొట్టి నడపొద్దని చెబుతున్నాను. ఓల్టేజ్ కూడా ఒకసారి మెషిన్ నడుస్తుండగా చూడండి. చెరువుల మీద ఏరేటర్లన్నీ తిరిగే వేళల్లో పల్లె లైన్లలో ఓల్టేజ్ పడిపోవడం మనకు కొత్త కాదు.

కొలత తీసే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే తప్పుడు కొలత మీద వేసిన లెక్క అసలు లెక్క లేకపోవడం కంటే చెడ్డది.

యూనిట్ కనీసం 15, 20 నిమిషాలు ఆగకుండా నడవాలి. రూమ్ తలుపు మూసి ఉండాలి. కాయిల్ మీద ఐస్ గడ్డ కట్టి ఉంటే ముందు డీఫ్రాస్ట్ చేయండి. ఐస్ ఉన్న కాయిల్ మీద తీసిన సూపర్‌హీట్‌కి అర్థం ఉండదు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, రొయ్యల ట్రేలు నీళ్లు కారుతూనే లోపలికి వస్తాయి. తలుపు పది నిమిషాలు బార్లా తీసి పెట్టినా కాయిల్ తెల్లగా అయిపోతుంది.

గేజ్ పెట్టకముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడండి. ఇది చిన్న విషయం కాదు. ఆర్-22కి మైనస్ 10 ప్రాంతంలో 2 పీఎస్‌ఐ తప్పు చూపిస్తే టెంపరేచర్ 1 డిగ్రీ మారుతుంది. ఆర్-134ఏకి అదే ప్రాంతంలో డిగ్రీన్నర దాటుతుంది. గేజ్ డయల్ మీద ఉండే రెండు మూడు గ్యాస్‌ల స్కేళ్లలో మీది ఏదో సరిగ్గా చూడండి. ఆర్-22 స్కేల్ మీద ఆర్-404ఏ చదివితే అంతా తలకిందులే.

పైపు టెంపరేచర్‌కి క్లాంప్ థర్మామీటర్ కానీ కె టైప్ వైరు కానీ వాడండి. లేజర్ గన్ వద్దు. మెరిసే రాగి మీద అది పక్కనున్న వస్తువుల వేడిని కలుపుకుని చదువుతుంది, 5, 10 డిగ్రీలు తేడా రావడం మామూలే. పైపును ఎమెరీ పేపర్‌తో రుద్ది, సెన్సర్ ఆనించి, టేప్ చుట్టి, పైన నల్ల ఇన్సులేషన్ ముక్క కప్పండి. 2 నిమిషాలు ఆగి చదవండి. పైపు అడుగున పెట్టొద్దు, అక్కడ ఆయిల్ పారుతూ ఉంటుంది. గడియారం ముఖం ఊహించుకుంటే 10 లేదా 2 అంకె దగ్గర పెట్టాలి.

కాయిల్ సూపర్‌హీట్ కావాలంటే టెంపరేచర్ బల్బ్ దగ్గరే తీయాలి. ప్రెషర్ కూడా అక్కడిదే అయితే మంచిది. సాధారణంగా మనకు ప్రెషర్ దొరికేది కంప్రెసర్ సర్వీస్ వాల్వ్ దగ్గరే. యూనిట్ మేడ మీద, రూమ్ కింద ఉండి పైపు పొడవుగా ఉంటే ఆ దారిలో 2, 3 పీఎస్‌ఐ పోవచ్చు. ఆ మేరకు సూపర్‌హీట్ ఉన్నదానికంటే డిగ్రీ, డిగ్రీన్నర ఎక్కువ కనిపిస్తుంది. కంప్రెసర్ దగ్గర పైపు టెంపరేచర్ తీస్తే వచ్చేది మొత్తం సూపర్‌హీట్. అది 10 నుంచి 20 మధ్య ఉండాలి. 10 కంటే బాగా తగ్గిందంటే లిక్విడ్ వెనక్కి వస్తోందేమో చూడాలి. ఈ రెండు సూపర్‌హీట్‌లనూ కలగలిపి వాల్వ్ తిప్పేవాళ్లు ఉన్నారు. వాల్వ్ సెట్ చేయడానికి కావాల్సింది కాయిల్ దగ్గరిదే.

ఇప్పుడు అడ్డం ఎక్కడుందో పట్టుకుందాం. యూనిట్‌ను కాసేపు నడిపి, రిసీవర్ దగ్గర మొదలుపెట్టి లిక్విడ్ లైన్ వెంట వెళ్లండి. ముందు రిసీవర్ అవుట్‌లెట్ వాల్వ్. క్యాప్ తీసి స్పానర్‌తో కదిపి చూడండి, పూర్తిగా తెరిచి ఉందా? ఎవరో పంప్‌డౌన్ (ఆ వాల్వ్ మూసి గ్యాస్ అంతా రిసీవర్‌లోకి లాగడం) చేసి సగం తెరిచి వదిలేసిన వాల్వ్‌లు ఎన్నో ఉంటాయి. అదే కారణమైతే మీ పని అక్కడితో అయిపోయింది. వాల్వ్‌కి ముందు, తర్వాత టెంపరేచర్ ఒకటే ఉంటే డ్రయ్యర్‌కి వెళ్లండి. డ్రయ్యర్‌కి ముందు, తర్వాత పైపు మీద రెండు సెన్సర్లు పెట్టండి. మంచి డ్రయ్యర్‌లో తేడా దాదాపు ఉండదు. 1 డిగ్రీ దాటితే అనుమానించాలి. మీ దాంట్లో ముందు 36 ఉంటే, తర్వాత ఇంకా బాగా తక్కువ రావాలి, ఎందుకంటే గ్లాస్ దగ్గర మరుగుతోంది. డ్రయ్యర్ చివర చెమట పట్టి ఉంటే థర్మామీటర్ కూడా అక్కర్లేదు.

డ్రయ్యర్ రెండు వైపులా ఒకటే ఉండి గ్లాస్ తేటగా ఉంటే, అప్పుడే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ వైపు చూడాలి. బల్బ్ ఊడదీసి చేతిలో గట్టిగా పట్టుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో సక్షన్ పెరగాలి. ఐస్ నీళ్లలో ముంచితే తగ్గాలి. ఏం చేసినా ముల్లు కదలకపోతే బల్బ్‌లో ఛార్జ్ పోయింది, వాల్వ్ పైభాగం మార్చాల్సిందే. వాల్వ్ ఒళ్లు మీద వేడినీళ్ల గుడ్డ వేయగానే సక్షన్ ఒక్కసారిగా లేచి, కాసేపటికి మళ్లీ పడిపోతే లోపల తేమ గడ్డకడుతోందన్నమాట. మీ సైట్ గ్లాస్ మధ్యలో రంగు చుక్క ఉంటే చూడండి. ఆకుపచ్చగా ఉంటే తేమ లేదు, పసుపుకు తిరిగితే తేమ ఉంది. ఇవన్నీ సరిగా ఉంటే వాల్వ్ లోపలి జాలీ మిగిలింది, విప్పి కడగాలి.

డ్రయ్యర్ మార్చడంలో మీరు జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. మామూలుగా అయితే రిసీవర్ వాల్వ్ మూసి పంప్‌డౌన్ చేసి మార్చేస్తాం. మీ రిసీవర్ ఇప్పటికే నిండుగా ఉంది. ఇలాగే పంప్‌డౌన్ చేస్తే కాయిల్, లైన్లలోని గ్యాస్ కూడా అందులోకి తోసినట్టవుతుంది, హెడ్ ఇంకా పైకి పోతుంది. అందుకని ముందు మీరు వేసిన కిలోను రికవరీ మెషిన్‌తో వెనక్కి తీయండి. కాటా మీద రికవరీ సిలిండర్ పెట్టి కిలో దిగగానే ఆపండి. సిలిండర్ 80 శాతం మించి నింపొద్దు. గ్యాస్ కొని తెచ్చిన డిస్పోజబుల్ సిలిండర్‌లోకి తిరిగి నింపే ప్రయత్నం అసలు చేయొద్దు, దాన్ని అందుకోసం చేయలేదు. గాలిలోకి వదిలేయడం అంతకంటే తప్పు. ఆర్-22 ఓజోన్‌ను తినేసే గ్యాస్, మాంట్రియల్ ప్రోటోకాల్ కింద మన దేశంలో 2030 నాటికి దాన్ని కొత్తగా తయారు చేయడం, వాడడం దాదాపుగా ఆగిపోవాలి. వదిలేసిన కిలో మళ్లీ తేలిగ్గా దొరకని కిలో.

తర్వాత పంప్‌డౌన్. డిశ్చార్జ్ గేజ్ మీద కన్ను ఉంచి, సక్షన్ 2, 3 పీఎస్‌ఐకి రాగానే ఆపండి. వ్యాక్యూమ్‌లోకి లాగొద్దు, జాయింట్ విప్పగానే గాలి లోపలికి పీల్చుకుంటుంది. పాత డ్రయ్యర్ బ్రేజింగ్‌ది అయితే టార్చ్‌తో కాల్చి ఊడదీయొద్దు. వేడికి అందులో పట్టి ఉన్న తేమంతా వదిలి లైన్‌లోకి పోతుంది. ట్యూబ్ కట్టర్‌తో కోయండి. కొత్తది అదే సైజు, బాణం గుర్తు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ వైపు. దాని మూతలు బిగించే ముందు మాత్రమే తీయండి. మన గాలిలో విప్పి పక్కన పెట్టిన డ్రయ్యర్ బిగించేలోపే తేమతో నిండడం మొదలవుతుంది. బ్రేజింగ్ చేస్తున్నంతసేపు లోపల నైట్రోజన్ సన్నగా పారుతూ ఉండాలి. అది లేకుండా కాల్చితే పైపు లోపల నల్లటి పొర రేగుతుంది, ఆ పొరే రాలి కొత్త డ్రయ్యర్‌ని మళ్లీ మూసేస్తుంది. పాత డ్రయ్యర్‌ని కోసి చూడండి. నల్ల పొడి కనిపిస్తే ఎవరో నైట్రోజన్ లేకుండా అతికించారు, లేదా ఎప్పుడో కంప్రెసర్ కాలింది. గోధుమరంగు జిగురుగా ఉంటే ఆయిల్ చెడింది.

నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి సబ్బు నురగతో జాయింట్లు చూసి, 500 మైక్రాన్ల దాకా వ్యాక్యూమ్ లాగండి. పంప్ వాల్వ్ మూసి 10 నిమిషాలు ఆగితే 1000 దాటకూడదు. నెమ్మదిగా పెరిగి ఒకచోట ఆగితే తేమ, ఆగకుండా పెరుగుతూ పోతే లీకు.

మళ్లీ నడిపితే మీకు ఏం కనిపించాలో ముందే చెబుతాను. రూమ్ 2 డిగ్రీలకు వచ్చేసరికి సక్షన్ 46 ప్రాంతంలో, అంటే మైనస్ 5. బల్బ్ దగ్గర పైపు సున్నాకి అటూ ఇటూ, అంటే సూపర్‌హీట్ 5. బయట 33 ఉంటే హెడ్ 236 ప్రాంతంలో, అంటే 45. లిక్విడ్ లైన్ 39, 40, అంటే సబ్‌కూలింగ్ 5, 6. హెడ్ మొదటి రోజు 205 కంటే పెరిగిందని కంగారు పడకండి, ఇప్పుడు కండెన్సర్‌కి నిజంగా పని తగిలింది. రూమ్ వేడిగా ఉన్న మొదటి గంటలో అన్ని ప్రెషర్లూ ఇంకా ఎక్కువే ఉంటాయి. ఆ సమయంలో వాల్వ్ ముట్టుకోవద్దు. గ్లాస్ తేటపడి, సూపర్‌హీట్ ఇంకా 8, 9 దగ్గర నిలిచిపోతే అప్పుడు వాల్వ్ స్క్రూని పావు తిప్పు వదులు చేసి 20 నిమిషాలు ఆగండి. ఎక్కువ వాల్వ్‌లలో బిగిస్తే సూపర్‌హీట్ పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. డ్రయ్యర్ అడ్డం ఉండగా ఎవరైనా ఆ స్క్రూని బాగా వదులు చేసి ఉంటే, ఇప్పుడు లిక్విడ్ అందగానే కంప్రెసర్‌లోకి వరదలా వస్తుంది. అందుకని మొదట స్టార్ట్ చేసేటప్పుడు కంప్రెసర్ ఒళ్లు చల్లబడి చెమట పడుతోందేమో కనిపెట్టి ఉండండి.

మిగతా జబ్బుల సంగతి కూడా అడగకపోయినా కొంత చెబుతాను, రేపు ఇంకో సైట్‌లో అవసరం పడుతుంది. సూపర్‌హీట్ ఎక్కువ, సబ్‌కూలింగ్ తక్కువ అయితే గ్యాస్ తక్కువ. ముందు లీకు పట్టాలి, తర్వాతే గ్యాస్. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రం దగ్గరి యూనిట్లలో ఉప్పుగాలికి కండెన్సర్ గొట్టాలకు, వంపులకు సన్నటి చిల్లులు పడతాయి, వెతకడం అక్కడ మొదలుపెట్టండి. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న యూనిట్‌లో గ్యాస్ ఎక్కువైతే సూపర్‌హీట్ మామూలుగానే ఉండి సబ్‌కూలింగ్, హెడ్ మాత్రం పెరుగుతాయి. క్యాపిలరీ (వాల్వ్ బదులు సన్నటి గొట్టం) యూనిట్‌లో అయితే సూపర్‌హీట్ కూడా పడిపోతుంది. సక్షన్ తక్కువగా ఉండి సూపర్‌హీట్ కూడా తక్కువుంటే గ్యాస్ జోలికి పోకండి. ఫ్యాన్ ఆగిందో, కాయిల్‌కి ఐస్ పట్టిందో, ట్రేలు ఫ్యాన్‌కి అడ్డంగా పేర్చారో చూడండి. బల్బ్ క్లిప్పు వదులై గాల్లో వేలాడుతుంటే అది గాలి వేడిని చదివి వాల్వ్‌ని బార్లా తెరిచేస్తుంది. సక్షన్ పెరిగి సూపర్‌హీట్ సున్నాకి వస్తుంది.

హెడ్ ఎక్కువ ఉండి సబ్‌కూలింగ్ మామూలుగా ఉంటే కండెన్సర్ మురికి. రైస్ మిల్లు పక్కన యూనిట్ ఉంటే ఊక దుమ్ము రెక్కల మధ్య చాప అల్లినట్టు పడుతుంది. పై నుంచి చూస్తే శుభ్రంగా కనిపించినా రెండు వరసల మధ్యలో ఉంటుంది, లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. కడిగినా హెడ్ తగ్గలేదు, సబ్‌కూలింగ్ కూడా పెరిగినట్టు కనిపిస్తోంది అంటే లోపల గాలి చిక్కిందేమో చూడండి. కంప్రెసర్ ఆపి, కండెన్సర్ ఫ్యాన్ మాత్రం తిప్పి, కండెన్సర్ బయటి గాలితో సమానంగా చల్లబడేదాకా ఆగండి. గాలి 35 ఉంటే ఆర్-22 గేజ్ 182 చూపించాలి. 195, 200 చూపిస్తే అందులో గ్యాస్ కాకుండా గాలి కూడా ఉంది. మొత్తం తీసి, వ్యాక్యూమ్ లాగి మళ్లీ నింపాలి.

ఇళ్లలోని పాత ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీలు క్యాపిలరీవి. వాటికి సూపర్‌హీట్ ఒకే అంకె మీద ఉండదు, గదిలో తేమని బట్టి, బయటి ఎండని బట్టి మారుతుంది. గదిలో తడి బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే) టెంపరేచర్‌ని ఫారన్‌హీట్‌లో 3తో గుణించి, 80 తీసి, బయటి ఫారన్‌హీట్ తీసి, సగం చేస్తే ఉండాల్సిన సూపర్‌హీట్ ఫారన్‌హీట్‌లో సుమారుగా వస్తుంది. తడి బల్బ్ 68, బయట 95 అయితే 14.5, అంటే 8 సెల్సియస్ డిగ్రీలు. అదే ఎండలో తడి బల్బ్ 72కి పెరిగితే 20.5, అంటే 11 దాటుతుంది. గ్యాస్ అంతే, తేమ ఒక్కటే మారింది. భీమవరంలో ఉక్కపోసే రోజున 11 చూసి గ్యాస్ తక్కువనుకుని వేస్తే, గాలి పొడిబారిన రోజున ఆ ఏసీ కంప్రెసర్‌లోకి లిక్విడ్ పంపుతుంది. ఇన్వర్టర్ ఏసీలకు ఈ లెక్క వాడొద్దు, నేమ్ ప్లేట్ మీద గ్రాములు చూసి కాటా మీదే వేయండి.

ఆర్-407సీ లాంటి కలగలుపు గ్యాస్ తగిలితే చార్ట్‌లో రెండు వరసలుంటాయి. సూపర్‌హీట్‌కి డ్యూ పాయింట్ (చివరి బొట్టు ఆవిరయ్యే టెంపరేచర్) వరస, సబ్‌కూలింగ్‌కి బబుల్ పాయింట్ (మొదటి బుడగ లేచే టెంపరేచర్) వరస చదవాలి. రెండింటికీ 5, 6 డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి ఒకదానికి బదులు ఇంకోటి చదివితే లెక్క మొత్తం పోతుంది. ఆర్-404ఏలో ఆ తేడా 1 డిగ్రీ లోపే. ఈ రెండు గ్యాస్‌లనీ సిలిండర్ నుంచి లిక్విడ్‌గానే ఎక్కించాలి, సక్షన్ వైపు అయితే కొద్ది కొద్దిగా వదులుతూ. పెద్ద ఐస్ ప్లాంట్లలో అమ్మోనియా కాయిల్స్ నిండా లిక్విడ్ ఉండేలా నడుస్తాయి, అక్కడ ఈ 5 డిగ్రీల లెక్క పెట్టుకోకండి.

కొత్త డ్రయ్యర్ వేసి రూమ్ దిగాక, వారానికి మళ్లీ వెళ్లి దాని రెండు వైపులా టెంపరేచర్ చూడండి. 1 డిగ్రీ తేడా మళ్లీ మొదలైతే లైన్‌లో ఇంకా చెత్త ఉంది, అది కొట్టుకొచ్చి అక్కడ చేరుతోంది. మళ్లీ ఇంకో డ్రయ్యర్ మార్చాలి, ఈసారి వాల్వ్ జాలీ కూడా విప్పి కడగాలి. ఈ విషయం ఓనర్‌కి మొదటి రోజే చెప్పి, రెండో డ్రయ్యర్ ఖర్చు కూడా అప్పుడే కలిపి చెప్పండి.